సద్ది లేని మనిషి

ఓదార్చడానికి వచ్చేవాళ్లంటే నాకు ఇప్పటికీ భయమే. ఎవరింట్లోనైనా చావు జరిగితే నేను వెళతాను. వెళ్లి వంటింట్లో దూరి అంట్లు తోముతాను, లేకపోతే బావి దగ్గరికి పోయి నీళ్లు తోడుకొస్తాను. ఒక్క మంచిమాట కూడా నా నోట్లోంచి రాదు. బడిపంతులమ్మకు మాటలే కరువా అని జనం చెవులు కొరుక్కుంటారని తెలుసు. కొరుక్కోనీ. ఆ మంచిమాటల రుచి ఎట్లాంటిదో ఒక చలికాలంలో కడుపునిండా తిని చూసినదాన్ని నేను.

పెద్ద యుద్ధం ముగిసిన ఏడు మా సీమలో విషజ్వరాలు వచ్చాయి. అప్పటికి నేను కడపలో ఒక మిషన్ బడిలో పసిపిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. నా భర్త అదే బడిలో పై తరగతులకు చెప్పేవాడు. జ్వరం తగిలి ఆయన వారం తిరక్కుండానే పోయాడు. ఆయన పోయిన నెలలోపే నా కూతురు పోయింది. దానికి రెండేళ్లు కూడా నిండలేదు. ఈ రెండు వాక్యాలూ కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది కాబట్టి, వాటి గురించి ఇంతకు మించి రాయను.

మా అన్న వచ్చి నన్ను తన ఊరికి తీసుకుపోయాడు. ఆయన ఆలూరు వైపు ఒక నల్లరేగడి పల్లెలో చిన్న బడి నడుపుతూ, ఆదివారాలు చర్చిలో వాక్యం చెప్పేవాడు. అన్న మంచివాడు. వదిన ఇంకా మంచిది. నేను ముద్ద ముట్టకపోతే తనూ ముట్టకుండా కూర్చునేది, దాంతో నాకు ఇద్దరి ఆకలి పాపం చుట్టుకునేది. ఇక ఊళ్లో సంఘం వాళ్లు దయగలవాళ్లు. దినం తప్పకుండా వచ్చేవాళ్లు. దేవుడు తన తోటలోకి పూలు కోసుకున్నాడమ్మా అని ఒకామె చెప్పింది. ఎవరి తోటలో పూలు వాళ్లు కోసుకోవాలి గానీ పక్కవాళ్ల పెరట్లోకి చెయ్యి పెడతారా అని నాకు నోటిదాకా వచ్చింది. నేనూ దేవుడూ మాటలు మానేసిన రోజులవి. ఆయన ముందు మానేశాడని నా అభిప్రాయం.

వాళ్లు రావడం, నా ముఖం చూసి కళ్లొత్తుకోవడం, పోవడం. నన్ను చూస్తే ఎవరికీ ఇంకో మాట గుర్తొచ్చేది కాదు. నేను మనిషిని కాకుండా రెండు చావుల గుర్తునైపోయాను. వంటింట్లో చెంబు కడగబోయినా ఎవరో ఒకరు చేతిలోంచి లాక్కుని, నువ్వు కూర్చో తల్లీ అనేవాళ్లు. కూర్చుని కూర్చుని, ఈ భూమ్మీద నాతో ఎవరికీ ఏ పనీ లేదని నాకు నమ్మకం కుదిరింది. అదొక్కటే నా మనసులో స్పష్టంగా ఉండేది, మిగతాదంతా మసక.

ఒకరోజు తెల్లవారుజామున, వదిన పొయ్యి రాజేస్తుండగా, నేను బయల్దేరాను. బతకకూడదని తీర్మానించుకునే బయల్దేరాను. ఎక్కడికి, ఏం చేద్దామని అనేది రాయను. రాస్తే ఎవరికీ మేలు లేదు. ఊరు దాటి, పత్తి చేల మధ్య బండిబాట పట్టి నడుస్తున్నాను. చలి వదలని పొద్దు, రేగడి మీద మంచు. అటూ ఇటూ పత్తి పగిలి తెల్లగా విచ్చుకుని ఉంది. నాకు అవేవీ కనిపించలేదు. తర్వాత ఆ బాట మీద ఎన్నో పొద్దులు నడిచాను కాబట్టి ఇవాళ చెప్పగలుగుతున్నాను.

కొంతదూరం పోయాక నామీద ఒక గొంతు పడింది.

"ఏమ్మే, ఇప్పుడా వచ్చేది? మంచు ఆరిపోతాంది. నీకోసరం మేమంతా మునుం ఆపుకోని కూచోవాల్నా?"

తలెత్తి చూశాను. చేను గట్టున ఆడకూలీల గుంపు. చీరలు మోకాళ్లపైకి బిగించి, పత్తి పోసుకోవడానికి నడుముకు గుడ్డల ఒడి కట్టుకుని, పని మొదలుపెట్టడానికి సిద్ధంగా నిలబడి ఉన్నారు. అరిచినామె ముసలిది. సన్నగా, పొడుగ్గా, చెవుల నిండా వెండి పోగులతో, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని నన్నే చూస్తోంది. ఆమెది దూదేకులవాళ్ల ఇల్లు. ఆ గుంపుకు ఆమే పెద్ద. ఆసామితో బేరం ఆమెదే, తిట్లూ ఆమెవే. అందరూ ఆమెను అవ్వా అనేవాళ్లు.

వాళ్ల గుంపులో ఒకామె కాన్పుకు పుట్టింటికి పోయింది. ఆమె బదులు పక్కూరి నుంచి మనిషిని పంపిస్తామని ఎవరో మాటిచ్చారు. తెల్లవారి అదే బాటన ఒంటరిగా వస్తున్న నన్ను చూసి, ఆ మనిషిని నేనే అనుకున్నారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. ఆ కాలంలో ఆ వేళప్పుడు ఆ బాట మీద ఆడమనిషి నడిచిందంటే పత్తికి తప్ప ఇంకెందుకు నడుస్తుంది?

కాదని చెప్పి నా దారిన నేను పోవచ్చు. కానీ ఆమె ఊరుకోలేదు. "సోమరిపోతును పంపించినారు మనకు," అంది పక్కవాళ్లతో, నాకు వినబడేట్టే. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను ఒక్కరోజు కూడా బడికి ఆలస్యంగా పోయినదాన్ని కాను. గంట కొట్టేవాడికంటే ముందు నేను వాకిట్లో ఉండేదాన్ని. చావబోతున్న మనిషికి ఇంకా పౌరుషం చావలేదని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నిజంగా కోపమే వచ్చింది. చాలా రోజులకు నాకు వచ్చిన మొదటి కోపం అది. గట్టు దిగి చేలోకి నడిచాను.

ఆడవాళ్లు చేను ఈ కొసన వరసగా నిలబడి, ఒక్కొక్కరు తమ సాళ్లు పట్టుకుని, అందరూ ఒకే గీత మీద ఆ కొసకు సాగడాన్ని మునుం పట్టడం అంటారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ముళ్లకంచె పక్క సాళ్లు ఇస్తారు. నాకూ అవే ఇచ్చారు. నా పక్కన అవ్వ కోడలు. అప్పటికి పదహారేళ్లుంటాయేమో, పెదవుల మీద నవ్వు ఆరని పిల్ల. ఒడి కట్టుకోవడం కూడా చేతకాక నేను అవస్థ పడుతుంటే, తనే నా నడుముకు గుడ్డ చుట్టి ముడేసింది.

పత్తి తీయడం చూస్తే సుళువు. కాయ డొప్ప మొనలు సూదుల్లాగా ఉంటాయని దిగితే గానీ తెలియదు. మంచు ఉన్నంతసేపూ ఎండుటాకు మెత్తగా ఉంటుంది. అది ఆరిందా, ముట్టుకుంటే పొడయి పత్తికి అంటుకుపోతుంది. అందుకే వాళ్లకు ఆ పొద్దుటి తొందర. నేను లాగిన పత్తిలో సగం ఆకే. అవ్వ వచ్చి నా ఒడిలోకి తొంగిచూసింది.

"ఏమ్మే, పత్తి తీస్తాండావా, ఎద్దులకు మేత కోస్తాండావా?"

మునుమంతా గొల్లున నవ్వింది. "చేతులు చూడవ్వా, వెన్నముద్దల మాదిరి ఉండాయి," అని కోడలు అందుకుంది. "మొగుడు శానా ముద్దుగా చూసుకుంటాండేమో." ఆ మాటకు నేను ఏడవాలి. మా ఊళ్లో అయితే ఆ మాట అన్న మనిషిని నలుగురూ చీల్చి చెండాడేవాళ్లు. ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. నన్ను చూసి గొంతు తగ్గించేవాళ్లు లేరు. నేను ఇంకో కాయ లాగాను.

కొంచెంసేపట్లోనే వెనకబడ్డాను. వెనకబడి తలెత్తి చూస్తే, నా సాలులో ముందరి చెట్లకు పత్తి లేదు. కోడలు తన సాలు తీస్తూనే చెయ్యి చాపి నాదీ తీసేస్తోంది. తీసిన పత్తి తన ఒడిలో వేసుకోకుండా, చెట్టు మొదట్లో ఆకు మీద చిన్న కుప్పగా పెట్టి పోతోంది, నేను వచ్చి ఎత్తుకోవడానికి. ఎందుకట్లా చేస్తున్నావని అడిగాను.

"మునుం తెగగూడదు," అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు. ఒకరు వెనకబడితే పక్కవాళ్లు సర్దుకోవాలి, గీత గీతగానే ముందుకు పోవాలి. వాళ్లకు అది దయ కాదు, పని పద్ధతి. నామీద జాలితో చేసి ఉంటే ఆ పత్తి నేను ముట్టేదాన్ని కాను. ఎత్తుకుని ఒడిలో వేసుకున్నాను, వేగం పెంచాను.

పొద్దు నడినెత్తికి వచ్చాక అందరూ కంచె నీడన కూర్చుని సద్దిమూటలు విప్పారు. అక్కడ బయటపడింది నా సంగతి. పత్తికి వచ్చే మనిషి ఒడిగుడ్డ మరిచిపోవచ్చు, తలగుడ్డ మరిచిపోవచ్చు. సద్ది మరిచిపోదు. పొద్దు పుట్టకముందు ఇల్లు వదిలి, చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషి సద్ది కట్టుకోకుండా కదిలిందంటే, మధ్యాహ్నం తనకు అక్కర్లేదనుకున్నట్టే. నేను మూట లేకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అవ్వ రొట్టె తుంచబోయిన చెయ్యి ఆగింది. ఆమె నా చేతుల వైపు చూసింది, తర్వాత నేను నడిచొచ్చిన బాట వైపు చూసింది.

తన జొన్నరొట్టెను సగానికి విరిచి, దాని మీద ఊరిబిండి పచ్చడి పెట్టి నా చేతిలో పెట్టింది. కోడలు ఒక ఎర్రగడ్డ నలగ్గొట్టి ఇచ్చింది. గుంపులో అన్ని కులాల వాళ్లూ ఉన్నారు. ఎవరి మూటలతో వాళ్లు కాస్త ఎడంగానే కూర్చున్నారు. వాళ్లలో ఒకామె, "ఎవుర్లమ్మా మీరు?" అని అడిగింది. తప్పుగా అడగలేదు, అందరూ అడిగేదే.

"తిన్నాక అడుగుదువులే," అంది అవ్వ. "కులం యాడికీ పరిగెత్తదు. ఆకలి పరిగెత్తుతాది."

నాకు ఆకలిగా ఉంది. దాన్ని గుర్తుపట్టడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఎంత ఆకలంటే, కారానికి కళ్లలో నీళ్లు కారుతున్నా ఆపకుండా తిన్నాను. ఇంకో ముక్క ఇచ్చారు, అదీ తిన్నాను. ఆ ఏడుపులో ఎంత కారానిదో ఎంత నాదో నాకే తెలియదు. ఎవరూ ఏడవొద్దమ్మా అనలేదు. ఒకామె మజ్జిగ ముంత నా వైపు జరిపింది, అంతే.

తిన్నాక మేం క్రైస్తవులమని నేనే చెప్పాను. "యేసయ్య వాళ్లా, అట్లయితే పాటలు బాగా వస్తాయి గదా, సాయంత్రం పాడు," అంది కోడలు. సాయంత్రం దాకా ఉంటానని నేను ఎప్పుడు చెప్పానో నాకు గుర్తులేదు. కానీ వాళ్లంతా అట్లే అనుకున్నారు.

సాయంత్రం పని ముగిశాక, పత్తి కాలానికని చేను గట్టున వాళ్లు వేసుకున్న గుడిసె ముందు కూర్చుని ఆ రోజు పత్తిలో ఆకు ఏరడం మొదలుపెట్టారు. నేను తీసిన పత్తి ఏరడానికి ఇద్దరు కావాలని అందరూ ఎగతాళి చేశారు. అవ్వ తక్కినవాళ్లను నీళ్లకూ, పొయ్యి దగ్గరికీ తరిమేసి, నా ఎదురుగా కూలబడింది. ఇద్దరి మధ్యా పత్తికుప్ప. ఆమె నా ముఖం చూడలేదు. చేతులు ఆకు ఏరుతూనే ఉన్నాయి.

"సచ్చిపోదామని బయల్దేరినావా, తల్లీ?" అని అడిగింది.

అంత మామూలుగా అడిగింది. ఉప్పుందా అని అడిగినట్టు. అన్ని రోజులుగా నా చుట్టూ తిరిగిన అంతమంది మంచివాళ్లలో ఈ మాట అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. అడిగితే ఆ ఆలోచన నాకు గుర్తుచేసినట్టవుతుందని భయపడి ఉంటారు. అది నాకు ఎవరూ గుర్తుచేయాల్సిన పని లేదు. నాతోనే లేచేది, నాతోనే పడుకునేది.

"అవును," అన్నాను. ఆ మాట నా లోపల ఉన్నప్పుడు కొండంత ఉండేది. బయటికొచ్చి పత్తికుప్ప పక్కన పడ్డాక, ఇంకో మనిషి కూడా చూడగలిగిన వస్తువైంది.

ఎందుకని ఆమె అడగలేదు. నేనే చెప్పాను. భర్త గురించి కొంచెం, బిడ్డ గురించి ఎక్కువ. ఆమె వింటూ, మధ్యలో "ఊ" అంటూ, ఏరుతూనే ఉంది. నేను ముగించాక చేతిలోని ఆకు దులిపేసింది. తర్వాత తన సంగతి చెప్పింది.

"నాకొక చెల్లెలుండె. బిడ్డలు నిలవలేదు దానికి. కడాపటి పొద్దు నా పక్కనే మునుం పట్టింది. ఆ పొద్దు సద్ది తేలా. మరిచిపోయినాలే అనింది. నేను నమ్మినా. అడగలా." ఆమె చేతులు ఆగాయి. "ఆ పొద్దునించి ఎవురన్నా సద్ది లేకుండా వస్తే అడుగుతా. తిట్టినా పర్వాలేదు, అడుగుతా."

ఆమె ముందున్న పత్తి నా వైపు లాక్కుని నేను ఏరడం మొదలుపెట్టాను. ఆమె తేరుకుని తన మామూలు గొంతులోకి వచ్చింది.

"బతకమని నేను చెప్పను. నీ కష్టం నీది, నాకేం తెలుసు? రేపు మాత్రం వద్దు. రేపు వంక పక్క చేను తీయాల, మనిషి తక్కువుండాది. రేపు సాయంత్రం మళ్లా ఈడనే కూచుందాం. అప్పుడు మళ్లా అడుగుతా. సరేనా?"

ఒక్క రేపు. అంతకంటే ఎక్కువ అడిగి ఉంటే నేను ఇచ్చేదాన్ని కాను. సరేనన్నాను. ఆమె అప్పటికప్పుడే, ఆసామి పత్తి ఎత్తుకుపోయే బండివాణ్ణి పిలిచి, మా అన్న ఊరికి కబురు చెప్పించింది: మీ మనిషి మా దగ్గర ఉండాది, అన్నం తినింది, బాగుండాది, భయపడొద్దండి అని. ఆ రాత్రి నన్ను గుడిసెలో తనకూ కోడలికీ మధ్యన పడుకోబెట్టుకుంది. ఇరుకు. కోడలు నిద్రలో కాళ్లు విసురుతుంది. అయినా పడుకోగానే నిద్ర పట్టేసింది.

మర్నాడు పొద్దున మంచు కురుస్తుండగా, పక్కూరి నుంచి అసలు మనిషి వచ్చేసింది. దిట్టమైన ఆడది. ఒడి కట్టుకునే వచ్చింది, చంకలో ఇంత పెద్ద సద్దిమూట. నిన్న ఇంట్లో ఆవు ఈనిందనీ, అందుకే రాలేకపోయాననీ చెప్పింది. అందరూ ఆమెనూ చూశారు, నన్నూ చూశారు. పొమ్మంటారనుకున్నాను. నిన్నటి వరకు బతుకే వద్దనుకున్న నేను, ఆ ముళ్లకంచె పక్క సాళ్లు పోతాయని భయపడ్డాను.

"మరి ఈమె ఎవురు?" అని ఎవరో అడిగారు.

"ఈమా? మన మనిషే," అంది అవ్వ. "మునుం ఇంకో రెండు సాళ్లు వెడల్పు చేసుకోండి. నోర్లు కాదు, చేతులు ఆడించండి." అంతటితో ఆ ప్రశ్న ముగిసిపోయింది. వంక పక్క చేనుకు మనిషి తక్కువని ఆమె రాత్రి చెప్పింది నిజమో కాదో నేను ఇప్పటిదాకా తేల్చుకోలేదు.

పొద్దెక్కాక మా అన్న వచ్చాడు. రాత్రంతా నిద్రలేని కళ్లు, దుమ్ము కొట్టుకున్న పంచె. నన్ను చూసి పట్టుకుని ఏడ్చాడు, వెంటనే తిట్టాడు, మళ్లీ ఏడ్చాడు. ఇంటికి పదమన్నాడు. నేను పత్తి అంటుకున్న చేతులతో నిలబడి అవ్వ వైపు చూశాను.

"ఉండనీ అప్పా, ఈ చేన్లు అయ్యేదాకా," అంది అవ్వ. "ఈడ ఆమెకు పనుండాది. నువ్వు వారానికొకసారి వచ్చి చూసుకోని పో. వచ్చేటప్పుడు ఊరికే రావద్దు, సద్ది పట్టుకోని రా. నీ చెల్లెలు మా రొట్టెలన్నీ అవగొడతాంది."

అన్న నా ముఖంలోకి చూశాడు. నేను ఉంటానన్నాను. చెల్లెల్ని కూలిపనికి వదిలిపెట్టాడని సంఘం వాళ్లు ఆయనను నానా మాటలూ అన్నారట. ఆయన చెవిన పెట్టలేదు. ఆదివారం ప్రార్థన కాగానే వదిన కట్టిచ్చిన మూటతో వచ్చేవాడు, మునుం అంతటికీ సరిపడేంత.

చేను తర్వాత చేను, ఆ చలికాలం పోయి ఎండలు ముదిరేదాకా పత్తి తీశాను. చెబితే నవ్వుతారేమో, నా బతుకులో అంత హాయిగా గడిచిన రోజులు తక్కువ. దుఃఖం ఎక్కడికీ పోలేదు. పొద్దున్నే నాతో లేచి చేలోకి వచ్చేది. కానీ వచ్చి నాతోబాటు పని చేసేది. నా బిడ్డ గురించి వాళ్లు భయం లేకుండా అడిగేవాళ్లు. నడిచేదా? పాలు విడిచిందా? నిన్నేమని పిలిచేది? కోడిపుంజును చూస్తే దాన్నీ "నాన్నా" అనేదని చెప్పాను. అందరూ పడీపడీ నవ్వారు, వాళ్లతోపాటు నేనూ నవ్వాను. నవ్వి, ఉలిక్కిపడి నోరు మూసుకున్నాను. కోడలు నా చెయ్యి లాగేసి, "మూసుకోవద్దు, ఇంకోటి చెప్పు," అంది. అట్లా ఆ పిల్ల ఎరగని నా కూతురు ఆ మునుంలో అందరికీ తెలిసిన బిడ్డయింది.

అవ్వ మాట తప్పలేదు. ప్రతి సాయంత్రం ఆకు ఏరేటప్పుడు అడిగేది, "ఈ పొద్దు ఎట్లుండాది?" అని. కొన్ని రోజులు బాగాలేదనే చెప్పేదాన్ని. "సరే, రేపు చూద్దాం," అనేది. తర్వాత్తర్వాత ఆమె అడగడం మరిచిపోతే నాకే కోపం వచ్చేది. ఒక సాయంత్రం ఆమె అడగనూ లేదు, నాకు గుర్తూ రాలేదు. ఇద్దరం ఆసామి పిసినారితనం గురించి మాట్లాడుకుంటూ కుప్ప ముగించేశాం.

పత్తి అయిపోయాక కడపకు తిరిగి వెళ్లి బడిలో చేరాను. పోయేరోజు అవ్వ ఏ దీవెనా చెప్పలేదు. పత్తి తీయడంలో ఇంకా ఆకు కలుపుతున్నావని తిట్టింది, అంతే. మొదట్లో రెండు మూడేళ్లు మా అన్న ద్వారా కబుర్లు నడిచాయి. తర్వాత ఆయనకు వేరే తాలూకాకు మార్పయింది, కబుర్లు ఆగిపోయాయి. ఎందరినో పిల్లలను చదివించాను. నా తిట్లు తిని పెద్దవాళ్లయిన వాళ్లు ఇప్పటికీ వచ్చి పలకరిస్తారు. దేవుడితో మాటలు కలిశాయి, పోట్లాటలూ సాగుతున్నాయి. బాగానే బతికాను.

పది పన్నెండేళ్ల తర్వాత సంగతి. దర్గా ఉరుసుకు కడపకు ఎక్కడెక్కడి జనమో వస్తారు. మా బడి వరండాలో విడిది చేసేవాళ్లకు నేను కుండలతో నీళ్లు పెట్టించేదాన్ని. ఒక మధ్యాహ్నం, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన ఒకామె నీళ్లు తాగుతూ తాగుతూ ఆగి నన్ను తేరిపార చూసింది. లోటా కిందపెట్టి, నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"వెన్నముద్దల చేతులు," అంది.

అవ్వ కోడలు. ఒళ్లు చేసింది, ముందుపన్ను ఒకటి ఊడింది, నవ్వు మాత్రం అదే. ఇద్దరం అక్కడే చతికిలబడి ఏడ్చుకున్నాం, నవ్వుకున్నాం. ఆమె పిల్లలు బెదిరి మమ్మల్నే చూస్తున్నారు. అవ్వ ఎట్లుందని అడిగాను. పోయి మూడేళ్లయిందని చెప్పింది. ఏ జబ్బూ లేదు, నిండుగా బతికి, నిద్రలో పోయిందట.

"నీ గురించి ప్రతి ఏడూ అడిగేది," అంది కోడలు. "పత్తి పగిలి, మొదటి పొద్దు మునుం పట్టేటప్పుడు గట్టు మీద నిలబడుకోని అడిగేది, ఆ టీచరమ్మ ఉండాదా అని. బాగుండాదా అని అడిగేది కాదు. ఉండాదా అనే. జవాబు చెప్తే గానీ చేన్లోకి దిగేది కాదు. మొదట మీ అన్న కబురు చెప్తాండె. ఆయన వేరే ఊరికి పోయినాక మాకు యాడినించి తెలుస్తాది? ఎవురిని అడిగినా తెల్దనిరి. ఆ ముసిల్దానికి తెల్దని ఎట్ల చెప్పేది? ఉండాదంట అవ్వా, నిన్ననే బండోడు చెప్పినాడు అంటాంటిమి. సరేలే పదండి అని దిగేది. ప్రతి ఏడూ అట్లనే."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. రెండో చేత్తో నా చెయ్యి పట్టుకునే ఉంది.

"పోయేముందు ఏడు కూడా అట్లనే చెప్పినాము. ఆమె పోయినాంక నాకు ఒకటే దిగులు. పెద్దదానికి అన్నేండ్లు అబద్ధం చెప్పితిమి గదా అని." నా ముఖంలోకి చూసి, పరీక్షలో తప్పు రాశానేమోనని భయపడే పిల్లలాగా అడిగింది, "అబద్ధం గాదు గదా?"

నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"గాదులేమ్మే," అన్నాను. "ఉండాను."